పెన్‌డ్రైవ్‌లో సాఫ్ట్‌వేర్, సిస్టమ్‌కో డ్రైవ్ లెటర్: పోర్టబుల్‌యాప్స్ చాలాకాలం వాడాక

ఇంట్లో ల్యాప్‌టాప్‌కి పెడితే నా పెన్‌డ్రైవ్‌కి విండోస్ ఇచ్చే డ్రైవ్ లెటర్ ఇ. కాలేజీ ల్యాబ్‌లో అదే జి అవుతుంది, ఒక్కోసారి హెచ్, ఎందుకంటే మన దగ్గర సిస్టమ్ అసెంబుల్ చేసిచ్చేవాళ్ళు ఉన్న ఒక్క హార్డ్‌డిస్క్‌నే సి, డి, ఇ, ఎఫ్ అని ముక్కలు చేసి ఇస్తారు. ముందువైపు కార్డ్ రీడర్ ఉన్న పాత డెస్క్‌టాప్ అయితే ఇంకా ఘోరం, కార్డు పెట్టినా పెట్టకపోయినా చాలావాటిలో స్లాట్‌కో లెటర్ పోతుంది, మన వంతు వచ్చేసరికి ఏ కె దగ్గరో ఉంటాం.

ఈ తిరుగుడు మధ్యే ఏళ్ళ తరబడి పోర్టబుల్‌యాప్స్ ప్లాట్‌ఫామ్ మీద, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే ప్రోగ్రామ్‌లు నడిపించే మెనూ మీద, పని నడుపుతున్నా. లెటర్ మారడం వరకు అది తన పని బాగానే చేస్తుంది. చికాకంతా దాని చుట్టూ మనం పెట్టుకునేవాటితోనే.

అది చేసేది సింపుల్. ప్రతి యాప్‌కీ ఒక లాంచర్ ఉంటుంది, పోయినసారి ఏ లెటర్ మీద నడిచిందో గుర్తుపెట్టుకుంటుంది, ఈసారి లెటర్ వేరైతే యాప్ తెరవకముందే సెట్టింగ్స్ ఫైళ్ళలో పాత లెటర్ తీసి కొత్తది రాసేస్తుంది. తేడా చూడాలంటే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్ చాలు. దాని మామూలు జిప్ తెచ్చుకుని వాడితే, నిన్న తెరిచి ఉంచిన ఫైళ్ళని పూర్తి దారితో (డ్రైవ్ లెటర్, ఫోల్డర్లతో సహా) సెషన్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి, ఇవాళ డ్రైవ్ ఇ బదులు జి అయితే వాటిని కనుక్కోలేదు. లాంచర్ ఉన్న వెర్షన్‌లో ఈ బాధ లేదు. కాకపోతే లాంచర్ ద్వారానే తెరవాలి. లోపల యాప్ ఫోల్డర్‌లోకి వెళ్ళి అసలు ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేస్తే లాంచర్ అనేదే నడవదు, సెట్టింగ్స్ కూడా ఆ సిస్టమ్‌లోనే పడొచ్చు.

ఇక షార్ట్‌కట్‌లు. విండోస్ షార్ట్‌కట్ లెటర్‌తో సహా దారి దాచుకుంటుంది, కాబట్టి పెన్‌డ్రైవ్‌లో దాన్ని నమ్ముకోవద్దు. దాని బదులు చిన్న బ్యాచ్ ఫైల్, అంటే విండోస్ కమాండ్లు వరసగా రాసిన టెక్స్ట్ ఫైల్, రాసుకోండి. అందులో పర్సెంట్, టిల్డా, డి, పి, సున్నా వరసగా రాస్తే ఆ బ్యాచ్ ఫైల్ ఉన్న ఫోల్డర్ అని అర్థం, అక్కడినుంచి మిగతా దారి రాసుకుంటే ఏ లెటర్ వచ్చినా సరిపోతుంది. అలాగే దారిని లెటర్ లేకుండా నేరుగా బ్యాక్‌స్లాష్‌తో మొదలుపెడితే, ఇప్పుడున్న డ్రైవ్ మొదటినుంచి అని విండోస్ తీసుకుంటుంది. పిల్లలకి వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాష చూపించడానికి నేను మోసుకెళ్ళే జాంప్ (XAMPP, సొంత సిస్టమ్‌లోనే వెబ్ సర్వర్ నడిపే ప్యాకేజీ) ఇలాగే బతుకుతోంది: పోర్టబుల్ వెర్షన్‌ని డ్రైవ్ మొదట్లోనే పెట్టి, దాని సెటప్ బ్యాచ్ జోలికి పోకుండా వదిలేస్తే చాలావరకు అలాగే నడుస్తుంది.

బ్యాకప్‌కి ఫ్రీఫైల్‌సింక్ వాడతా. అందులో లెటర్ బదులు స్క్వేర్ బ్రాకెట్లలో డ్రైవ్ పేరు రాయొచ్చు, పెన్‌డ్రైవ్‌కి మనం పెట్టిన ఆ వాల్యూమ్ లేబుల్ చూసి అదే వెతుక్కుంటుంది. అన్ని ప్రోగ్రామ్‌లూ ఇలా ఎందుకు చెయ్యవో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పూర్తి దారి తప్ప ఇంకేదీ ఒప్పుకోని మొండి ప్రోగ్రామ్‌లకి సబ్‌స్ట్ కమాండ్ ఒక్కటే నాకు పనికొచ్చింది. పెన్‌డ్రైవ్‌లోని బ్యాచ్ ఫైల్‌తో ఆ పెన్‌డ్రైవ్‌నే పి అనే ఉత్తుత్తి డ్రైవ్‌గా చూపిస్తా, ఆ తర్వాత అన్నీ పి నుంచే తెరుస్తా. అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు, లాగాఫ్ అయితే అదే పోతుంది, అందుకే ల్యాబ్‌లో ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఒక్క తిరకాసు ఏంటంటే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన ప్రోగ్రామ్‌లకి మామూలుగా ఆ పి డ్రైవ్ కనిపించదు, వాటి లెక్క వేరు.

సొంత కంప్యూటర్ అయితే ఇంత తంటా వద్దు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి అక్షరాల వరసలో చివర్లో ఉన్న ఏదో లెటర్ ఇచ్చేస్తే విండోస్ గుర్తుపెట్టుకుంటుంది. అయితే సీరియల్ నంబర్ లేని చవక పెన్‌డ్రైవ్‌లని అది యూఎస్‌బీ పోర్టుని బట్టి గుర్తుపడుతుంది, పోర్టు మారిస్తే కొత్త డ్రైవ్ అనుకుని ఇంకో లెటర్ ఇచ్చే అవకాశం ఉంది. రీస్టార్ట్ చేస్తే అన్నీ మొదటికొచ్చే ల్యాబ్ సిస్టమ్స్‌లో ఎలాగూ ఇది నిలవదు.

పోర్టబుల్‌యాప్స్‌కి నా మార్కులు అయిదుకి నాలుగు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, వేరేచోట నుంచి తెచ్చి మనం ఫోల్డర్‌లో కలిపిన ప్రోగ్రామ్‌లకి ఈ లెటర్ సవరింపు ఉండదు, కానీ మెనూలో అవీ ఇవీ ఒకేలా కనిపిస్తాయి, ఏది లాంచర్ ఉన్నదో ఏది లేనిదో మనమే గుర్తుంచుకోవాలి.