బావ రికార్డులు, నా డిస్కులు: పదిహేనేళ్ల వాడకం తర్వాత

మా బావకి రాక్ ఆల్బమ్‌లంటే ప్రాణం. నాకు కౌబాయ్ సినిమాలు. 2010లో ఆయన ఎల్పీ ప్లేయర్ కొని మూడు రికార్డులు తెచ్చుకున్నారు: బీటిల్స్ ‘అబీ రోడ్’ (1969), లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్ (1971), పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ (1973). అదే ఏడాది నేను నాలుగు డిస్కులు తెప్పించుకున్నాను: ‘హై నూన్’ (1952), ‘ద సెర్చర్స్’ (1956), ‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ’ (1966), ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ (1968). అప్పట్నుంచి సంక్రాంతికి కలిసినా, దసరాకి కలిసినా ఒకటే వాదన. పెట్టిన డబ్బుకి ఏది ఎక్కువ కాలం పనికొస్తుంది?

కౌబాయ్ పిచ్చి నాకు నాన్న దగ్గర్నుంచి వచ్చింది. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ విడుదలైనప్పుడు ఆయన కాలేజీ కుర్రాడు. తర్వాత నేను అదే సినిమా టీవీలో చూశాను. గుర్రాలు, ఎడారి, నిధి కోసం వేట, ఎక్కడా ఆగని కథ. వెస్టర్న్ (హాలీవుడ్ తరహా కౌబాయ్ సినిమా) అంటే ఇదే అనుకుని ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె సినిమా డిస్కు పెట్టాను. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ మొదట్లో ముగ్గురు తుపాకీవాళ్లు ఒక పాడుబడ్డ స్టేషన్లో రైలు కోసం కాచుకుని ఉంటారు. పది నిమిషాలు దాటినా మాటల్లేవు, సంగీతం లేదు. మొదటిసారి విసుగొచ్చి ఫార్వర్డ్ నొక్కేశాను. ఆ తప్పు చేయొద్దని కొత్తగా చూసేవాళ్లందరికీ చెబుతుంటాను.

మూడోసారో నాలుగోసారో రాత్రి ఒక్కణ్నే కూర్చుని, లైట్లు తీసేసి, సౌండ్ పెంచి చూశాను. గాలిమర కిర్రుమంటూ తిరుగుతోంది. పైనుంచి ఒకడి బోడిగుండు మీద నీటి చుక్కలు పడుతుంటే వాడు టోపీ పెట్టుకుంటాడు. ఆ టోపీ అంచులో నీళ్లు నిండాక తీసి తాగుతాడు. ఇంకొకడి మొహం మీద ఈగ వాలుతుంది. దాన్ని తుపాకీ గొట్టంలో పట్టేసి, గొట్టం మూతికి వేలు అడ్డం పెట్టి, లోపల అది గీపెడుతుంటే చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. రైలొచ్చి వెళ్లిపోయాక, పట్టాలకి అవతల పక్క నుంచి హార్మోనికా (మౌత్ ఆర్గాన్). అప్పటిదాకా వినిపించిన గాలిమర, నీటి చుక్క, ఈగ అన్నీ ఆ హార్మోనికా కోసమే మన చెవిని సిద్ధం చేశాయని ఆ రాత్రి అర్థమైంది. సంగీత దర్శకుడు ఎన్నియో మోరికోనె ఈ సినిమాకి ముఖ్యమైన సంగీతం షూటింగ్‌కి ముందే కట్టేశారు. లియోనె సెట్లో ఆ సంగీతం పెట్టి నటుల చేత నటింపజేశారు. అందుకే నడకలు, చూపులు, మలుపులు అన్నీ ఆ వరసకి తగ్గట్టు ఉంటాయి.

ఇది తెలిశాక బావతో నా వాదన మారిపోయింది. అంతకుముందు కథలో ఎంత దమ్ముంది, తుపాకీ ఎవడు ముందు తీశాడు అని చెప్పేవాణ్ని. నిజానికి కథ రెండుసార్లు చూస్తే అయిపోతుంది. ఇన్నేళ్లలో మళ్లీ మళ్లీ చేతికొచ్చిన డిస్కులు ఏవంటే, కళ్లు మూసుకుని కూడా వినగలిగినవే.

బావ ఇంట్లో ఒక నియమం ఉంది. రికార్డు మీద ముల్లు ఆనితే ఆ సైడు (రికార్డుకి ఒక వైపు) అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ‘డార్క్ సైడ్’ మొత్తం కలిపి 43 నిమిషాలు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. ‘టైమ్’ పాట ముందు గడియారాలన్నీ ఒక్కసారిగా మోగినప్పుడు ఇప్పటికీ ఉలిక్కిపడతాను. ఇంజనీర్ అలన్ పార్సన్స్ ఒక పాత గడియారాల దుకాణంలో వాటిని విడివిడిగా రికార్డు చేసి తెచ్చారు. మొదటి సైడు చివర గాయని క్లేర్ టోరీ ఒక్క మాట కూడా లేకుండా గొంతుతో పాడేది మా అక్క లెక్కలో అచ్చమైన ఆలాపన.

అక్క సంగతి వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. ఆమె చిన్నప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. రెండో సైడులో ‘మనీ’ పాట మొదలవగానే వంటింట్లోంచి వచ్చి నిలబడే తాళం వేసింది. తకిట తకధిమి, ఏడు. “ఇది మిశ్రచాపురా!” అంది. శాక్సోఫోన్ వాయిస్తున్నంతసేపూ చెయ్యి తప్పలేదు. గిటార్ సోలో రాగానే ఆగిపోయి, “నాలుగులోకి మారిపోయాడు” అంది. నిజంగానే అక్కడ లెక్క మారుతుంది. ఆ పాట వందసార్లు విన్న బావకి, నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

వాడకంలో మాత్రం ఆల్బమ్‌దే పైచేయి, ఇది ఒప్పుకోవాల్సిందే. లియోనె సినిమా పూర్తిగా చూడాలంటే రెండు గంటల నలభై ఐదు నిమిషాలు ఖాళీ దొరకాలి. ఏడాదికి రెండుసార్లు దొరికితే గొప్ప. రికార్డు అయితే ఆదివారం టిఫిన్‌కీ భోజనానికీ మధ్య అయిపోతుంది.

అయితే ఆల్బమ్‌ని ఎలా పడితే అలా వింటే సగం పోతుంది. నేను ‘అబీ రోడ్’ చాలాకాలం ఎంపీత్రీల్లో విన్నాను. రెండో సైడులో ముక్కలు ముక్కలుగా ఉన్న పాటల్ని ఒకదాంట్లోంచి ఒకటి పుట్టేలా కలిపారు. నా ప్లేయర్ ప్రతి పాటకీ మధ్య ఒక సెకను ఖాళీ వదిలేది. ఎల్పీలో విన్నాకే ఆ అతుకులు ఎంత బాగా కుదిరాయో తెలిసింది. చివర కాసేపు నిశ్శబ్దం తర్వాత వచ్చే 23 సెకన్ల ‘హర్ మెజెస్టీ’ అసలు మధ్యలో ఉండాల్సింది. తీసేయమంటే ఇంజనీర్ పారేయకుండా టేపు చివర అతికించారు, అది అలాగే ఉండిపోయింది. లెడ్ జెప్లిన్ ఆల్బమ్ చివరి పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’కి డ్రమ్స్‌ని ఒక పాత బంగళా హాల్లో మెట్ల మొదట్లో పెట్టి, మైకులు పైనుంచి వేలాడదీసి రికార్డు చేశారు. ఫోన్ స్పీకర్లో ఆ గుమ్మటం లాంటి మోత రానే రాదు. మంచి స్పీకర్లు లేకపోతే ఈ రికార్డు కొనకండి.

నా డిస్కుల్లో నాకు బాధ కలిగించేది ‘ద సెర్చర్స్’. చీకటి గుమ్మంలోంచి అమెరికాలోని మాన్యుమెంట్ వ్యాలీ ఎర్రగా తెరుచుకునే మొదటి దృశ్యం, అలాంటిదే ఇంకో ఇంటి గుమ్మం మూసుకునే చివరి దృశ్యం, వాటికి సాటి వచ్చేవి నేను చూడలేదు. కానీ మధ్యలో లుక్ అనే కమాంచీ (అమెరికా ఆదివాసీ తెగ) స్త్రీని నవ్వులాటకి వాడుకుని గుట్ట మీంచి తన్నే ఘట్టం ఉంది. ఇరవైల్లో పట్టించుకోలేదు. ఇప్పుడు మా అమ్మాయి పక్కన కూర్చుంటే ఆ సినిమా పెట్టలేను. హీరో జాన్ వేన్ ఇందులో పదే పదే అనే ఒక మాట పట్టుకునే రాక్ గాయకుడు బడీ హాలీ ‘దట్‌ల్ బీ ద డే’ పాట కట్టాడని చెప్పింది బావే. రాక్ వాళ్లకీ వెస్టర్న్‌లకీ చుట్టరికం పాతదే. మెటాలికా అనే రాక్ బ్యాండ్ 1983 నుంచీ తమ కచేరీలని ‘గుడ్, బ్యాడ్, అగ్లీ’లోని మోరికోనె సంగీతంతో మొదలుపెడుతోంది.

‘హై నూన్’ దగ్గర బావ ఓడిపోయారు. 85 నిమిషాల సినిమా, కథలో గడిచే సమయమూ దాదాపు అంతే. మధ్యాహ్నం పన్నెండు రైలుకి శత్రువు వస్తున్నాడు, ఊళ్లో ఒక్కడూ సాయం రాడు, గోడ మీద గడియారం మాటిమాటికీ కనిపిస్తుంది. “బావా, మీ పింక్ ఫ్లాయిడ్ గడియారాలు ఒక్కసారి మోగి ఊరుకుంటాయి. ఇవి సినిమా అంతా టెన్షన్ పెడతాయి” అన్నాను. కాసేపు ఆలోచించి, “ఇది నిజంరా” అన్నారు. చుట్టాలొస్తే నేను పెట్టే వెస్టర్న్ ఇదే.

కొనేవాళ్లకి రెండు జాగ్రత్తలు. రికార్డుల్ని నిలువుగా, చల్లటి చోట పెట్టండి. ఇల్లు సున్నాలప్పుడు అటకెక్కించిన ‘అబీ రోడ్’ ఒక్క ఎండాకాలంలో వంగిపోయింది, మళ్లీ కొనాల్సొచ్చింది. ‘గుడ్, బ్యాడ్, అగ్లీ’ కొనేటప్పుడు పాత మోనో (ఒకే ఛానెల్) సౌండ్ ఉందో లేదో చూసుకోండి. నాకు వచ్చిన మొదటి డిస్కులో తుపాకీ మోతలు మార్చేశారు. ఆ పేలుడు ఎలా ఉండాలో చెవికి అలవాటైనవాణ్ని, శ్మశానం సీను దగ్గర ప్రాణం ఉసూరుమంది.

మొన్న దసరాకి బావ నాకోసం ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ సంగీతం ఎల్పీ తెచ్చారు. బొమ్మ లేదు, స్టేషన్ లేదు, ఈగ లేదు. ముల్లు పెట్టి అందరం కూర్చున్నాం. హార్మోనికా మొదలవగానే నాన్న చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు.