షిట్జూకి జుట్టు పెంచాలా, కత్తిరించాలా, గుండు కొట్టించాలా?

ఉగాది పచ్చడి తిన్న వారం నుంచి ఈ ప్రశ్న మొదలవుతుంది. లిఫ్టులో కలిసే మూడో ఫ్లోర్ ఆంటీ, ఆఫీసులో కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్న కుర్రాడు, గుంటూరు నుంచి మా పిన్ని, అందరిదీ ఒకటే మాట: "ఎండలు మండిపోతున్నాయి, మావాడికి గుండు కొట్టించేద్దామా?" ఫోన్లో విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఈసారి అడిగిన వాళ్ళకి ఇదే పంపిస్తాను.

మా జున్నుకి ఐదేళ్ళు. మగ షిట్జూ (పొడవు జుట్టు పెరిగే చిన్న కుక్క జాతి), బరువు ఆరు కిలోల పైన, తెలుపూ గోధుమ రంగూ కలిసిన వాడు. మేం ఉండేది విజయవాడలో, అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో. ఈ ఐదేళ్ళలో మూడు పద్ధతులూ వాడి మీద ప్రయోగం అయిపోయాయి. దాదాపు మూడేళ్ళు నేలకి జీరాడే జుట్టు, ఒక వేసవి నున్నటి గుండు, ఇప్పుడు ఏడాదిన్నరగా అర అంగుళం కటింగ్. (బొచ్చు అనే మాట మా అమ్మ ముందు అనకూడదు. జుట్టు అనాలి. అందుకే ఇక్కడా అదే రాస్తున్నాను.)

పొడవు జుట్టు అందం గురించి కొత్తగా చెప్పేదేం లేదు. షిట్జూ అన్న చైనా మాటకి అర్థమే సింహం. నడుస్తుంటే రెండు పక్కలా కుచ్చిళ్ళలా ఊగే ఆ జుట్టు, నడినెత్తిన పిలక, దానికో రబ్బరు బ్యాండు. మావాడు సాయంత్రం కిందికి దిగితే పిల్లలంతా చుట్టూ మూగేవాళ్ళు. ఆ సంబరం నిజమే, కాదనను. కానీ టిబెట్ చలికి పుట్టిన జాతి కృష్ణ ఒడ్డున ఉక్కపోతలోకి వచ్చి పడింది. దాని చాకిరీ మన నెత్తిన పడుతుంది.

చాకిరీ అంటే రోజుకి అరగంట. పైపైన బ్రష్ తిప్పితే పట్టులా మెరుస్తుంది, అడుగున చర్మం దగ్గర మాత్రం అట్టకట్టి ఉంటుంది. పాయలు పాయలుగా విడదీసి, స్టీలు దువ్వెన కుదుళ్ళ నుంచి కొసదాకా ఆగకుండా దిగాలి. చెవుల వెనక, చంకల్లో, హార్నెస్ రాసుకునే చోట ఒక్కరోజు వదిలేస్తే మర్నాటికి ఉండ తయారు. ఏడాది లోపు పిల్లని చూసి "మాదానికి చిక్కులే పడవు" అనేవాళ్ళకి ఒక మాట. పది పన్నెండు నెలల వయసులో పిల్ల జుట్టు పోయి పెద్ద జుట్టు వస్తుంది. ఆ రెండు మూడు నెలలూ చిక్కులే చిక్కులు. చాలామంది చేతులెత్తేసేది అప్పుడే. ఇంకోటి, చిక్కులు తీయకుండా నీళ్ళు పోశారో, ఆరేసరికి అవి గొంగళి ముక్కలా బిగుసుకుపోతాయి. ముందు దువ్వడం, తర్వాతే స్నానం. స్నానం అయ్యాక డ్రయ్యరుతో చర్మం దాకా ఆరబెట్టాలి. ఆగస్టు ముసురులో దాన్ని సగం తడిగా వదిలేస్తే రెండు రోజుల్లో ముక్కిన వాసన, నాలుగు రోజుల్లో గోకుడు.

ఇక గుండు. గుండు కొట్టించే వాళ్ళందరి వాదనా వేడి గురించే. మనం చెమట పట్టి చల్లబడతాం కాబట్టి కుక్కకీ బట్టలు విప్పినట్టు హాయిగా ఉంటుందనుకుంటాం. కుక్కకి చెమట పట్టేది పాదాల కింద మెత్తల్లోనే. వేడి తగ్గించుకునేది నాలుక బయటపెట్టి రొప్పుతూ. షిట్జూకి ముక్కు చప్పిడి, ఊపిరి దారి ఇరుకు, కాబట్టి ఆ రొప్పడమే సరిగ్గా సాగదు. గాలిలో తేమ ఎక్కువున్న రోజున ఇంకా కష్టం. అంటే ఇబ్బంది లోపల ఉంటే మనం పైన గొరుగుతున్నామన్నమాట. పొట్ట కింద జుట్టు తీయిస్తే మాత్రం కొంత సుఖం ఉంది. చల్లటి బండ మీద బోర్లా పడుకున్నప్పుడు చర్మం నేలకి ఆనుతుంది. వీపు మీద తీయించినందువల్ల నాకు కనబడిన లాభం ఏమీ లేదు.

నష్టం మాత్రం కళ్ళారా చూశాను. రెండేళ్ళ కిందట మే నెలలో ఒక పార్లర్‌కి తీసుకెళ్ళి "సమ్మర్ కట్" అన్నాను. పొట్టిగా కత్తిరిస్తారనుకున్నా. వాళ్ళు పది నంబరు బ్లేడుతో లాగేశారు. అది ఒంటి మీద మిగిల్చేది ఒకటిన్నర మిల్లీమీటరు. గంట తర్వాత తిరుపతి నుంచి వచ్చినట్టు బయటికి వచ్చాడు. గులాబీ రంగు చర్మం, తొడల లోపల బ్లేడు వేడికి ఎర్రగా కమిలిన చారలు. రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. ఉదయం ఏడింటి ఎండకే వీపు ఎర్రబడేది, రాత్రి దోమలు. అమ్మ నాతో సరిగ్గా మాట్లాడింది నాలుగో రోజున.

గుండుకీ ఒక న్యాయమైన చోటుంది. ఒళ్ళంతా చర్మం దాకా అట్టకట్టేసినప్పుడు దువ్వెనతో పీకడం హింస, తీసేయడమే దయ. చర్మరోగానికి డాక్టరే తీయమన్నా సరే. వేసవి వచ్చింది కదా అని మాత్రం వద్దు. పొమేరియన్ ఉన్నవాళ్ళు ఈ మాట రెండుసార్లు చదువుకోండి. వాటికి గుండు కొట్టిస్తే కొన్నిటికి జుట్టు తిరిగి సరిగ్గా రాదు, నెలల తరబడి మచ్చలు మచ్చలుగా ఉండిపోతుంది.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. నా లెక్కలో ఈ విషయం తేల్చేది అందమూ కాదు, ఎండా కాదు. పిడుదులు. కొన్ని ఊళ్ళలో గోమార్లంటారు, మన అపార్ట్‌మెంట్లలో టిక్స్ అంటున్నారు.

జున్నుకి రెండున్నరేళ్ళప్పుడు, అక్టోబరులో, ఒక సాయంత్రం పెరుగన్నం గిన్నె ముందు నిలబడి వాసన చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. వాడు పెరుగన్నం వదలడం అదే మొదలు. అజీర్తేమో అనుకున్నాం. మర్నాడు మెట్లు ఎక్కలేదు. మూడో రోజు పొద్దున తెల్ల టైల్ మీద ఒక ఎర్రటి చుక్క కనబడింది. పారాణి చుక్క అనుకుంది అమ్మ, ముందు రోజే పేరంటానికి వెళ్ళొచ్చింది కాబట్టి. వాడి ముక్కు తుడిస్తే తెలిసింది అది రక్తమని.

డాక్టర్‌గారు పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. పాలిపోయి ఉన్నాయి. తర్వాత ఎడమ చెవి మడిచి, దాని వెనక ఉన్న ఒక ఉండని కత్తెరతో చీల్చారు. అందులో ఉంది, చిన్న ఆముదపు గింజంత, బూడిద రంగులో, రక్తం తాగి ఉబ్బి. రోజూ దువ్వుతున్న కుక్క అది. నేనే దువ్వాను, ముందు రోజు రాత్రి కూడా. ఆ ఉండ మీద నుంచి దువ్వెన జారిపోయింది, అంతే. ప్లేట్‌లెట్లు 41 వేలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి దాదాపు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉండాలి. ఎర్లీషియా అని తేలింది, పిడుదు కాటుతో వచ్చే రక్తపు జబ్బు. డాక్సీసైక్లిన్ 28 రోజులు, అన్నం తిన్నాకే, వెనకాలే నీళ్ళు పట్టిస్తూ. డెంగీ పుణ్యమా అని మనందరం ప్లేట్‌లెట్ పండితులమే కాబట్టి బొప్పాయి ఆకు రసం పొయ్యమని ఆరుగురు చెప్పారు. పొయ్యలేదు. మందు మొదలైన మూడో రోజుకి గిన్నె నాకాడు.

"మావాడు బయటికే వెళ్ళడండీ" అంటారు కొందరు. మన దగ్గర కుక్కలకి పట్టే గోధుమ రంగు పిడుదుకి అడవి అక్కర్లేదు, ఇల్లే చాలు. పిల్లగా ఒకసారి, నడిమి వయసులో ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి కుక్కనెక్కి రక్తం తాగి, ప్రతిసారీ కిందికి దిగిపోతుంది. ఆడది గోడ పగుళ్ళలో, తలుపు చట్రం సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. మా సెల్లార్‌లో వీధి కుక్కలు నాలుగు పడుకుంటాయి. జున్ను రోజూ వాటి పక్కనుంచే వెళ్తాడు. నెలకోసారి ఇచ్చే మాత్రలూ, పన్నెండు వారాలు పనిచేసే మాత్రలూ మంచివే, మేమూ వాడుతున్నాం. (మూర్ఛలు వచ్చిన కుక్క అయితే డాక్టరుకి ముందే చెప్పాలి.) కానీ ఆ మాత్రతో పిడుదు చావాలంటే ముందు అది కుట్టి రక్తం తాగాలి. కాబట్టి మాత్ర వేసినా ఒళ్ళు వెతకడం తప్పదు. అందుకే ఏ కటింగ్ మేలని అడిగితే నా ఎదురు ప్రశ్న ఒకటే: మీ వేలి కొన వాడి చర్మానికి తగులుతోందా?

అర అంగుళం దగ్గర తగులుతుంది. నాలుగు నంబరు ఎఫ్ బ్లేడంటే మిగిలేది తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు, అర అంగుళం కంటే కాస్త తక్కువ. ఎండ నుంచి చర్మానికి కాపుదల ఉంటుంది, వేలికి దారీ ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడా పని అమ్మది. రాత్రి సీరియల్ చూస్తూ వాడిని ఒళ్ళో వేసుకుని, చిన్నప్పుడు మా తలల్లో పేలు చూసినట్టే చూస్తుంది. చెవుల లోపలి మడతలు, మెడ కింద, చంకలు, వేళ్ళ సందులు, తోక కింద. ఐదు నిమిషాలు. దొరికితే సన్న మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగి, స్పిరిట్ ఉన్న సీసాలో వేస్తుంది. కిరసనాయిలు పొయ్యడం, అగరుబత్తి అంటించడం, గోళ్ళతో నలపడం, ఇవేవీ చేయకూడదు.

ఖర్చు సంగతి. ఐదారు వారాలకోసారి కటింగ్, మా దగ్గర స్నానంతో కలిపి 1,200. ఏడాదికి పదివేల పైన. పొడవు జుట్టుకి కత్తెర ఖర్చు తక్కువే గానీ కండిషనర్లకీ, డ్రయ్యర్‌కీ, మన అరగంటలకీ లెక్క కడితే అది చవకేం కాదు. గుండు అన్నిటికంటే చవక. ఒప్పుకుంటాను.

ఒళ్ళంతా వదిలేసి ముఖం, పాదాలు, తోక కింద మాత్రమే కత్తిరించుకునే పద్ధతీ ఉంది. శుభ్రతకి సరిపోతుంది, చిక్కుల సమస్య ఎక్కడిదక్కడే. మెడ చుట్టూ జూలులా ఉంచి ఒళ్ళు పొట్టిగా తీసే లయన్ కట్ ఫొటోలకి బాగుంటుంది. మాల్టీస్, లాసా లాంటి పొడవు జుట్టు కుక్కలు ఉన్నవాళ్ళకీ ఇందులో చాలావరకు వర్తిస్తుంది.

కటింగ్ ఏదైనా కళ్ళ చుట్టూ మాత్రం రాజీ లేదు. షిట్జూ కళ్ళు బయటికి ఉబ్బి ఉంటాయి. ముక్కు మీద మొలిచే జుట్టు నేరుగా నల్లగుడ్డుకి గుచ్చుకుంటుంది. పిలక కట్టండి లేదా కత్తిరించండి. ఒక కన్ను సగం మూసి చూస్తుంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఇంట్లో మిగిలిన మన కంటి చుక్కలు వెయ్యకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంట్లో పుండు ఇంకా ముదురుతుంది.

ఎండ సంగతి వదిలేశానని అనుకోకండి. దానికి మందు కత్తెర కాదు, గడియారం. ఉదయం ఆరున్నర లోపు ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక ఒకసారి నడక. మధ్యాహ్నం ఏసీ, లేదంటే ఫ్యాను కింద తడిపి పిండిన తువ్వాలు మీద పడక. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ప్రమాదం. ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే మామూలు నీళ్ళతో ఒళ్ళు తడిపి, గాలి తగిలేలా పెట్టి, ఆటో పిలవండి. ఐసు నీళ్ళు గుమ్మరించకండి.

పార్లర్‌లో "సమ్మర్ కట్" అన్న మాట మాత్రం వాడకండి, ఒక్కో చోట దానికి ఒక్కో అర్థం. బ్లేడు నంబరో, వేలు పెట్టి చూపించి "ఇంత ఉంచండి" అనో చెప్పండి. ముందే ఇంట్లో చిక్కులు తీసి తీసుకెళ్ళాలి. లేకపోతే అర అంగుళం అడిగినా గుండే చేస్తారు, ఇంకో దారి ఉండదు కాబట్టి. మావాడికి ఈ ఆదివారం పది గంటలకి అపాయింట్‌మెంట్ ఉంది. చెవుల కుచ్చులు, తోక ముట్టుకోవద్దని అమ్మ అప్పుడే వాళ్ళకి రెండుసార్లు ఫోన్ చేసింది.