ఎన్‌క్రిప్షన్‌కి డబ్బు తీసుకుని చెయ్యలేదు: బరంపురం, రాయగడ వాళ్లు జాగ్రత్త

వైజాగ్ నుంచి మన వైపు సర్వర్లు పంపే ఆ షాపు ఏదో మీలో చాలామందికి తెలుసు. పేరు రాస్తే పోస్టు తీయించేస్తారు, అందుకే రాయట్లేదు.

మా స్కానింగ్ సెంటర్‌కి మూడు సర్వర్లతో సెఫ్ క్లస్టర్ (డేటాని సర్వర్లన్నిటి డిస్కుల్లో కాపీలుగా దాచే స్టోరేజీ) పెట్టించాను. పేషెంట్ల డేటా కదా, డిస్కులన్నీ ఎన్‌క్రిప్ట్ చెయ్యాలని (తాళం లేనివాడు చదవలేకుండా) ముందే చెప్పాను. బిల్లులో దానికి వేరే లైను, వేరే రేటు. రంగుల గ్రాఫులతో పెళ్లి శుభలేఖలాంటి టెస్ట్ రిపోర్టు కూడా చేతికిచ్చారు. అది చూసి మొత్తం డబ్బు కట్టేసిన నాకు సన్మానం చెయ్యాలి.

నిన్న రాత్రి ఎందుకో సర్వర్లలో డిస్కుల లిస్టు చూపే కమాండు ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి చూశాను. ఎన్‌క్రిప్షన్ ఉంటే ప్రతి ఓఎస్‌డీ (సెఫ్ వాడే ఒక్కో డిస్కు) దగ్గర ఎల్‌వీఎం (డిస్కుని విభజించే పొర) కింద ‘క్రిప్ట్’ అని ఇంకో వరస రావాలి. ఒక్క సర్వర్‌లోనూ లేదు.

పొద్దున్నే ఫోన్ చేస్తే వాళ్ల ఇంజినీరు కొంచెం కూడా తడబడలేదు. “ఆన్ చేస్తే స్లో అయిందని మీరే గోల చేస్తారని వదిలేశాం సార్. అయినా బరంపురంలో మీ డేటా ఎవడెత్తుకుపోతాడు?” పక్కనెవరో కిసుక్కున నవ్వారు. డబ్బు సంగతి సరే, ఆ నవ్వుకి ఒళ్లు మండిపోయింది. వాపసు ఇమ్మంటే “కాన్ఫిగరేషన్ చార్జీలు వెనక్కి రావు” అట. ఏం కాన్ఫిగర్ చేశావు బాబూ?

ఆ రిపోర్టు మళ్లీ తీసి చదివాను. ఫియో (డిస్కు వేగం కొలిచే ప్రోగ్రాం) టెస్టులో డైరెక్ట్=1 (ర్యామ్‌ని దాటి నేరుగా డిస్కుకి రాయమనే సెట్టింగు) లేదు. ఫైలు 4 జీబీ, సర్వర్ ర్యామ్ 64 జీబీ. అంటే కొలిచింది ర్యామ్‌ని, డిస్కుని కాదు! 4 కేబీ బ్లాకులతో, డైరెక్ట్ పెట్టి, ప్రతి రైట్‌కీ ఎఫ్‌సింక్‌తో (నిజంగా డిస్కులో పడేదాకా ఆగి) నేను నడిపితే వాళ్ల అంకెలు ఎటుపోయాయో తెలీదు. ఎస్ఎస్‌డీలు పవర్ లాస్ ప్రొటెక్షన్ (కరెంటు పోయినా రాస్తున్న డేటాని కాపాడే ఏర్పాటు) లేని డెస్క్‌టాప్ సరుకు. అది లేకపోతే ఎఫ్‌సింక్ రైట్లు నత్తనడకే. సెఫ్ మూడు కాపీలూ డిస్కులో పడ్డాకే రైట్ అయిందంటుంది, కాబట్టి అన్నిటికన్నా నెమ్మదైన డిస్కు ఎంతో మన స్పీడు అంతే. ప్రాసెసర్‌లో ఏఈఎస్ సపోర్టు (ఎన్‌క్రిప్షన్ లెక్కలు వేగంగా చేసే సదుపాయం) ఉంది, ఎన్‌క్రిప్షన్ వేగం కొలిచే క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ బ్రహ్మాండంగా వచ్చింది. నెమ్మది వాళ్లమ్మిన డిస్కులది, నింద ఎన్‌క్రిప్షన్‌ మీదికి.

ఇప్పుడు ఒక్కో ఓఎస్‌డీ తీసేసి, డీఎంక్రిప్ట్‌తో (లినక్స్‌లో డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) మళ్లీ కట్టి, డేటా తిరిగి నిండేదాకా కాపలా కాయాలి. సెంటర్ నడుస్తుండగానే.

ఎస్ఎస్‌డీ మోడల్ నంబరు బిల్లులో రాయించుకోండి. ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉండగా మీ ఎదుటే టెస్టు చేయించాకే ఆఖరి డబ్బు ఇవ్వండి. ఎన్‌క్రిప్షన్ తాళాలు సెఫ్ మానిటర్లలో (స్క్రీన్లు కాదు, క్లస్టర్‌ని చూసుకునే ప్రోగ్రాముల్లో) ఉంటాయి, వాటికీ బ్యాకప్ అడగండి. వీళ్ల దగ్గర ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రాత్రికే ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి చూసుకోండి.