ఈ-సిగరెట్: నిషేధమా, నియంత్రణా?

వేప్ అంటే ఈ-సిగరెట్టే: నికోటిన్ ద్రవాన్ని వేడి చేసి ఆవిరిగా పీల్చే పరికరం. దీని విషయంలో భారత్, బ్రిటన్ చెరో దారి పట్టాయి.

చట్టం: మన దగ్గర 2019 నుంచి తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషిద్ధం. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. బ్రిటన్‌లో 18 నిండినవారికి అమ్మవచ్చు. వాడి పారేసే రకాన్ని మాత్రం 2025 జూన్ 1 నుంచి ఆపేశారు.

సరుకు: అసలు తేడా ఇక్కడే. బ్రిటన్‌లో వేప్ ద్రవంలో మిల్లీలీటరుకు నికోటిన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. పరికరంలో ద్రవం నిండే ట్యాంకు 2 మి.లీ., మళ్లీ నింపుకొనే రీఫిల్ సీసా 10 మి.లీ. దాటకూడదు. మూత పిల్లల చేతికి తెరుచుకోకూడదు. నిషేధం ఉన్న మన దగ్గర దొంగచాటుగా అమ్మే సరుకులో లేబుల్ మీద రాసిందే లోపల ఉందో లేదో చూసే నాథుడే ఉండడు.

ఖర్చు: నియంత్రణకు నమోదు, పరీక్షలు. నిషేధానికి దాడులు, కస్టమ్స్ నిఘా.

ముప్పు: నిషేధిస్తే పిల్లల కంట పడేది తగ్గుతుంది. కానీ సిగరెట్ మాత్రం పాన్‌డబ్బాలో విడిగా దొరుకుతూనే ఉంది. పెట్టె మీద 85 శాతం మేర వేసిన హెచ్చరిక బొమ్మ అలా విడిగా కొనేవాడికి కనబడదు. ఈ లొసుగు నిజంగా బాధిస్తుంది.

కొట్టు కొట్టునూ తనిఖీ చేయగల దేశానికి నియంత్రణ నప్పుతుంది. బీడీ, ఖైనీ వాడకం ఎక్కువై, చిల్లర కొట్లపై పట్టులేని మనకు నిషేధమే నయం. దానితోపాటు విడి సిగరెట్లూ ఆగాలి. మానాలనుకునేవారికి 2 మి.గ్రా. నికోటిన్ గమ్ మందుల చీటీ లేకుండానే దొరుకుతుంది; సలహాకు 1800-11-2356. లండన్ నుంచి వచ్చే మనవాళ్లు వేప్‌ను అక్కడే వదిలి రావాలి.