మామ్మలు, కుక్కపిల్లలు, పైసా ఖర్చు లేని కథలు: ఒక పశువుల డాక్టరు రివ్యూ

తణుకులో నాది చిన్న పెట్ క్లినిక్. కుక్కలు, పిల్లులు ఎక్కువ, ఎప్పుడైనా ఒక కుందేలు. వాటిని తీసుకొచ్చేది చాలాసార్లు ఇంట్లో మామ్మగారో అమ్మమ్మగారో. అమ్మానాన్నలు డ్యూటీల్లో ఉంటారు కదా. పక్కన మనవడో మనవరాలో తప్పకుండా ఉంటారు. కుక్కపిల్లకి సెలైన్ ఎక్కుతున్నంతసేపూ ఆ పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టడం వైద్యం కన్నా పెద్ద పని. ఫోన్ ఇస్తే ఆ సౌండ్‌కి లోపల జంతువులు బెదురుతాయి. అందుకే వెయిటింగ్ హాల్లో ఒక బల్ల వేసి, దాని మీద కథల పుస్తకాలు పెట్టాను. ముఖ్యంగా మామ్మలవీ, పెంపుడు జంతువులవీ. వాటిలో ఎక్కువ భాగం స్టోరీవీవర్ నుంచి ప్రింట్ తీయించినవే. ఈ రివ్యూ దాని గురించే.

బెంగుళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ అనే సంస్థ ఉంది. లాభాపేక్ష లేకుండా పిల్లల పుస్తకాలు వేస్తారు. వాళ్ళు 2015లో తెరిచిన ఆన్‌లైన్ కథల భాండాగారమే స్టోరీవీవర్. తెలుగుతో పాటు చాలా భాషల్లో బొమ్మల కథలుంటాయి. చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ప్రింట్ తీసుకోవచ్చు, జిరాక్స్ తీసి పంచొచ్చు, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు కూడా. రాసినవాళ్ళ పేరూ బొమ్మలు వేసినవాళ్ళ పేరూ ఉంచి, మార్చిన సంగతి చెబితే చాలు. ఆ వివరాలు ప్రతి పుస్తకం చివరి పేజీల్లో ఉంటాయి. కాగితం ఖర్చు మిగులుతుందని ఆ పేజీలు వదిలేసేవాళ్ళను చూశాను. అలా చేయకండి, ఆ పేర్లే వాళ్ళకిచ్చే జీతం.

కథలకి నాలుగు లెవెల్స్ ఉంటాయి. మొదటి దాంట్లో 250 మాటలు దాటవు. రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా వెళ్తుంది. నాలుగోది అంతకన్నా పెద్దది. మా హాల్లో పనికొచ్చేవి మొదటి రెండే. ఇంజెక్షన్ చేయించుకుని వెళ్ళిపోయేవాళ్ళకి ఒకటో లెవెల్, సెలైన్ బాపతు వాళ్ళకి రెండోది. నాలుగో లెవెల్ కథ ఎవరైనా పూర్తి చేశారంటే లోపల కుక్క పరిస్థితి బాగా సీరియస్‌గా ఉందన్నమాట.

అసలు నేను ఇటు రావడానికి కారణం కొట్లో కొన్న ఒక పుస్తకాల సెట్. ఎవరు వేశారో చెప్పను. అట్టలు నున్నగా ఉన్నాయి, బొమ్మలు తళతళలాడుతున్నాయి. అందులో ఒక కథలో వీధికుక్క పిల్లాడి పిక్క పట్టుకుంటుంది. నాయనమ్మ పరుగున వచ్చి పసుపు అద్ది, గుడ్డ కట్టి, దిష్టి తీస్తుంది. తెల్లారేసరికి కుర్రాడు అదే కుక్కతో ఆడుకుంటూ ఉంటాడు. ఆ పేజీ చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. కుక్క కరిస్తే గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. రేబిస్ లక్షణాలు ఒకసారి కనబడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. మా హాల్లో కూర్చునే మామ్మల్లో సగం మంది ఇప్పటికీ పసుపు పార్టీయే. వాళ్ళ చేతిలోనే ఆ పుస్తకం పెట్టి, మనవలకి చదివి వినిపించండి అనాలా? ఆ సెట్ మొత్తం బల్ల మీంచి తీసేశాను.

అప్పటి నుంచి ఏ కథ పెట్టాలన్నా ముందు నేను చదువుతాను. నేను చూసేవి రెండే. ఒకటి, జంతువు జంతువులాగే ఉందా? రెండు, మామ్మ ఏదైనా పని చేస్తోందా, లేక పడక్కుర్చీలో కూర్చుని నీతులు చెబుతోందా? రెండో పరీక్షలో పిల్లల కథలు చాలా పోతాయి. మనవాళ్ళు కథలో మామ్మని పెట్టారంటే ఆవిడ తల మీద తెల్లజుట్టు, ముక్కు మీద కళ్ళజోడు, నోట్లో నీతి ఉండాల్సిందే. నా దగ్గరికొచ్చే మామ్మలు అలా ఉండరు. ముప్పై కిలోల లాబ్రడార్‌ని ఆటోలోంచి దించి, నోరు తెరిచి పట్టుకుని, "ఆ నట్టల మందు ఇటియ్యమ్మా, నేను పోస్తాను, నీకు కరిచేత్తాది" అనే రకం.

అలాంటి మామ్మ స్టోరీవీవర్‌లో దొరికింది. రాజీవ్ ఐప్ రాసి, బొమ్మలు కూడా తనే వేసిన "అమ్మచ్చీస్ అమేజింగ్ మెషీన్స్" అనే కథ. కేరళ అమ్మచ్చి, ఆవిడ మనవడు సూరజ్ కలిసి కొబ్బరి బర్ఫీ చేయాలి. దానికోసం ఇద్దరూ కప్పీ, మీట లాంటి సాధారణ యంత్రాలు వాడతారు. బడిలో సైన్సు పుస్తకం బోరు కొట్టించే పాఠం ఇక్కడ తినే వస్తువుగా తేలుతుంది. అమ్మచ్చి ఎక్కడా "చూశావా నాయనా, దీన్నిబట్టి తెలిసేదేమిటంటే" అనదు. ఆవిడకి పని మీదే ధ్యాస. నేను ఇంగ్లీషు పేజీలు ముందు పెట్టుకుని తెలుగులో చెబుతుంటాను. కొబ్బరికాయ కొట్టే చోట గోదావరి జిల్లా మామ్మలు ఊరుకోరు, "ఇలాక్కాదండీ కొట్టేది" అని కథలోకి దిగిపోతారు. దాంతో కథ పక్కకి పోయి, కొబ్బరి లౌజు పాకం దగ్గర తేలుతుంది. పిల్లలకి అదే ఇష్టం.

జంతువుల వైపు నుంచి మా దగ్గర బాగా నలిగింది "గుడ్‌నైట్ టింకూ". ప్రీతి నంబియార్ రాసిన కథ. అందరూ పడుకున్నాక నిద్రపట్టని కుక్కపిల్ల బయటికెళ్ళి రాత్రిళ్ళు తిరిగే జీవుల్ని కలుస్తుంది. డాక్టరుగా నాకో చిన్న అభ్యంతరం. కుక్కపిల్లలు రోజులో పద్దెనిమిది, ఇరవై గంటలు పడుకునే రకం. రాత్రి పూట టీకాలు పూర్తికాని పిల్ల వీధిలోకి వెళ్ళిందంటే నాకైతే పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) గుర్తొచ్చి టెన్షన్ వస్తుంది. అయినా కథ బాగుంది. టింకూకి నిద్రపట్టకపోవడం నిజంగా కుక్కపిల్ల బుద్ధిలాగే ఉంటుంది, పంచతంత్రం మంత్రిగారిలా మాట్లాడదు. పిల్లులున్న కథలు మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. గిన్నెడు పాలు పోసే బొమ్మ ఎక్కడో ఒకచోట తగులుతుంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి ఆవుపాలు, గేదెపాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. అలాంటి పేజీ పక్కన నేను స్కెచ్ పెన్నుతో "పాలు వద్దు, నీళ్ళు చాలు" అని రాసేస్తాను. ఇక్కడ లైసెన్సు అడ్డు రాదు.

ఎవరైనా అనువాదం చేసి పెట్టే వీలుంది కాబట్టి తెలుగు అన్నిట్లోనూ ఒక తీరుగా ఉండదు. కొన్ని ఇంట్లో మాట్లాడుకున్నట్టు హాయిగా సాగుతాయి, కొన్ని రేడియో వార్తలు. రెండు పేజీలు గొంతెత్తి చదివితే తెలిసిపోతుంది. నాలిక తడబడితే ప్రింట్ తీయించకండి.

అసలు మాటలే లేని పుస్తకం కూడా ఒకటి డబ్బు పెట్టి కొన్నాను. చెన్నై తూలికా వాళ్ళు వేసిన ప్రియా కురియన్ "అమ్మచ్చీస్ గ్లాసెస్" అలాంటిది. కళ్ళజోడు కనబడక అమ్మచ్చి ఒక వస్తువు అనుకుని ఇంకోటి పట్టుకుంటుంది. అంతా బొమ్మల్లోనే. మా దగ్గరికి బీహారు నుంచి రైస్ మిల్లు పనికి వచ్చినవాళ్ళ పిల్లలు కూడా వస్తారు. తెలుగు పిల్లలతో కలిసి వాళ్ళు నవ్వే పుస్తకం మా బల్ల మీద ఇదొక్కటే. తెలుగు రాని కొత్త మామ్మలకీ, చదువు రాని పాత మామ్మలకీ కూడా ఇది సులువు. చదవడం రాదని సిగ్గుపడి పుస్తకం ముట్టనివాళ్ళు దీన్ని తీసుకుని మనవరాలికి తమ సొంత కథ చెప్పేస్తారు.

నాకు దొరకని కథ ఒకటుంది. పెంచిన కుక్క ముసలిదై, జబ్బుపడి, చచ్చిపోయే కథ. తెలుగులో నేను వెతికినంతలో నచ్చింది కనబడలేదు. ఉన్నవాటిలో కుక్క నక్షత్రం అయిపోతుంది, లేదా చివరి పేజీలో కొత్త కుక్కపిల్ల బుట్టలోంచి తొంగిచూస్తుంది. పదమూడేళ్ళు తనతో పడుకున్న కుక్క ఏమైందని అడిగే పిల్లకి ఆ బుట్ట చూపిస్తే కోపం వస్తుంది, నేను చూశాను. ఎవరైనా రాస్తే బాగుండును. మామ్మ కూడా అందులో ఉంటే మంచిది. ఇంట్లో చావుల గురించి పిల్లలతో మామూలు గొంతుతో మాట్లాడేది ఆవిడే.

ప్రింట్ సంగతి. జిరాక్స్ షాపులో కలర్ పేజీ మాకు 10 రూపాయలు. పేజీకి రెండువైపులా, మందం కాగితం మీద తీయించి స్పైరల్ వేయించండి. లామినేషన్ చేయిస్తే ఎక్కువ కాలం వస్తుంది కానీ ట్యూబ్‌లైటు వెలుగులో మెరిసి బొమ్మ కనబడదు. స్టేపుల్ పిన్నులు మాత్రం వద్దే వద్దు. మా దగ్గర ఒక బీగిల్ "టింకూ" అట్టతో పాటు పిన్ను కూడా మింగేసింది. దానికి ఎక్స్‌రే తీసిన బిల్లు పుస్తకం ఖర్చు కన్నా చాలా ఎక్కువైంది.