కోరుట్లలో అక్క టిఫిన్ సెంటర్

జగిత్యాల వైపు వెళ్తే కోరుట్లలో ఆగి ఈ చిన్న టిఫిన్ సెంటర్‌లో సర్వపిండి తినండి. గిన్నెకు పిండి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి కాలుస్తుంది అక్క, అంచులు కరకర, మధ్యలో నువ్వులు, పల్లీలు. వాళ్లాయన దుబాయ్‌లో మేస్త్రీ. ముందు వీసా అప్పు తీరాక, ఆయన నెలనెలా పంపిన డబ్బుతోనే గ్రైండర్, పొయ్యి కొన్నామని చెప్పింది. 2023లో ప్రవాసుల నుంచి మన దేశానికి దాదాపు 12,000 కోట్ల డాలర్లు వచ్చాయని ప్రపంచ బ్యాంకు అంచనా, అందులో ఒక చిన్న ముక్క ఇక్కడ ఇద్దరు ఆడవాళ్లకు రోజూ పని ఇస్తోంది, నాకు అదే చాలా నచ్చింది. కూర్చోవడానికి చోటు తక్కువ, తొమ్మిదింటికే చట్నీ అయిపోతుంది. పొద్దున్నే వెళ్లండి.