1965 లింకన్ కాంటినెంటల్ కన్వర్టిబుల్ కొనేవాళ్లు జాగ్రత్త: కింద చూడకుండా డబ్బు కట్టకండి

డల్లాస్ చుట్టుపక్కల పాత లింకన్ కాంటినెంటల్ కన్వర్టిబుల్ కోసం వెతుకుతున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేం చూసిన బండి ముదురు ఆకుపచ్చ రంగు, తెల్ల లెదర్ సీట్లు, 1965 మోడల్. "టెక్సాస్ కారు, తుప్పు అస్సలు లేదు, 49 వేల మైళ్లే తిరిగింది, మా నాన్నగారిది" అని అమ్మేవాడు యాడ్‌లో రాశాడు. మేం వెళ్లి చూసొచ్చాం. అందులో రంగు, మోడల్ తప్ప మిగతావేవీ నమ్మేలా లేవు.

మా బావ పెళ్లిళ్లకి, రిసెప్షన్లకి కార్లు అద్దెకిస్తుంటాడు. ఊరేగింపుకి టాప్ తీసేసే పాత కారే కావాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. రెండు తలుపులదైతే పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురు ముందు సీటు వంచుకుని వెనక్కి దూరాలి, అదే లింకన్‌కైతే నాలుగు తలుపులు, పైగా వెనక తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి కాబట్టి నేరుగా వెళ్లి కూర్చోవచ్చు. 1961 నుంచి 1967 దాకా అమెరికాలో నాలుగు తలుపుల కన్వర్టిబుల్ తయారుచేసింది లింకన్ ఒక్కటే, 1965లో చేసినవి 3,356 మాత్రమే. అందుకే మంచి బండి దొరికితే ఎగరేసుకుపోతారు, ఆ తొందరని చూసే ఇలాంటివాళ్లు బయల్దేరుతున్నారు.

ఫోన్ ఎత్తగానే ఆయన మొదలుపెట్టింది కెన్నెడీ పేరుతో. 1963 నవంబర్ 22న ఇక్కడ డల్లాస్‌లో ప్రెసిడెంట్ ఎక్కింది 1961 మోడల్‌ని కోసి, పొడవు పెంచి, ప్రత్యేకంగా తయారుచేయించిన కారు. అది మిషిగన్‌లో డియర్‌బార్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. దానికీ ఈ బండికీ ఏ సంబంధమూ లేదు, ఆ పేరు చెప్పి రేటు పెంచితే పట్టించుకోకండి.

ఈ కారు విషయంలో ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ కాలపు పెద్ద అమెరికన్ కార్లు చాలావాటికి కింద విడిగా ఫ్రేమ్ ఉంటుంది, దాని మీద బాడీ కూర్చోబెడతారు. లింకన్‌కి ఆ విడి ఫ్రేమ్ లేదు, బాడీయే ఫ్రేమ్. కన్వర్టిబుల్‌కి పైకప్పు ఆసరా కూడా ఉండదు కాబట్టి రెండు టన్నులకి పైగా ఉన్న బరువంతా ఫ్లోరు, తలుపుల కింద ఉండే రాకర్ ప్యానెళ్లే మోయాలి. అక్కడ తుప్పు పట్టిందంటే మనిషికి నడుం విరిగినట్టే. ఇంజిన్ పోతే బాగుచేయించుకోవచ్చు, క్రోమ్ మళ్లీ వేయించుకోవచ్చు, కింద కుళ్లితే మాత్రం వెల్డింగ్ పనికే కారు ధరంత అయినా ఆశ్చర్యం లేదు.

అందుకే పాత కార్లే చూసే ఒక మెకానిక్‌ని వెంట తీసుకెళ్లాం. ఆయన హుడ్ కూడా ఎత్తలేదు, ముందు జేబులోంచి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం తీశాడు. ముందు తలుపు మీద పెడితే గట్టిగా అతుక్కుంది, వెనక తలుపు కింద రాకర్ దగ్గర పెడితే జారి కింద పడింది. అక్కడ రేకు మిగల్లేదు, బాండో పుట్టీ దట్టంగా మెత్తి పైన రంగు కొట్టారు. లిఫ్ట్ ఎక్కిద్దాం అంటే అమ్మేవాడు ఒప్పుకోలేదు, పెయింట్ గీసుకుపోతుందట. చూపించకపోతే వెళ్లిపోతాం అని గట్టిగా అంటే చివరికి పక్కనున్న టైర్ల షాపుకి తీసుకొచ్చాడు. కిందంతా కొత్తగా కొట్టిన నల్లటి అండర్‌కోటింగ్ (బండి అడుగున పూసే పూత), ఆ వాసన ఇంకా పోలేదు. డ్రైవర్ కాళ్లు పెట్టుకునే చోట స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కగానే అది లోపలికి దిగబడి తుప్పు పొట్టు మెకానిక్ మొహం మీద రాలింది. తర్వాత కార్పెట్ ఎత్తి చూస్తే ఫ్లోరు మీద రేకు ముక్కలు పరిచి స్క్రూలు బిగించి ఉన్నాయి.

నాకు నిజంగా భయం వేసింది తలుపు చూసినప్పుడు. నేల మీద ఉండగా శుభ్రంగా మూసుకున్న వెనక తలుపు, బండి లిఫ్ట్ మీద ఉండగా ముందు తలుపు అంచుకి రాసుకుంటూ ఆగిపోయింది. అంటే బాడీ మధ్యలో వంగుతోంది. పెళ్లికొడుకునీ పెళ్లికూతురినీ కూర్చోబెట్టి ఊరేగించాల్సిన బండి అది, పక్కన పిల్లలు డాన్స్ చేస్తూ నడుస్తుంటారు. ఇది తెలిసీ అమ్ముతున్నాడంటే నాకు కోపం ఆగట్లేదు.

టాప్ సంగతి కూడా చెప్పాలి. ఈ కారులో స్విచ్ నొక్కితే డిక్కీ మూత వెనక్కి తెరుచుకుని, టాప్ మడత పడి అందులోకి వెళ్లిపోవాలి. దాని వెనకాల హైడ్రాలిక్ పంపు, మోటార్లు, బోలెడు రిలేలు, లిమిట్ స్విచ్‌లు ఉంటాయి, ఒక్కటి మొరాయించినా మధ్యలో నిలిచిపోతుంది. మా ముందు అలాగే సగంలో ఆగింది, "బ్యాటరీ వీక్‌గా ఉంది" అన్నాడు. మెకానిక్ తన బ్యాటరీ ప్యాక్ తగిలించాడు, అయినా కదల్లేదు. ఏ పాత లింకన్ కన్వర్టిబుల్ చూడ్డానికి వెళ్లినా టాప్ పూర్తిగా వేయించి, పూర్తిగా తీయించి చూడండి, వీడియో చూసి నమ్మకండి.

ఇక కాగితాలు. హిస్టరీ రిపోర్ట్ (బండి పాత చరిత్ర చెప్పే రిపోర్ట్) క్లీన్‌గా ఉందని అమ్మేవాడు గొప్పగా చెప్పాడు. 17 అక్షరాల విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) పద్ధతి 1981 మోడల్ నుంచి వచ్చింది, 1965 లింకన్‌కి ఉండేవి 11 మాత్రమే, ఆన్‌లైన్ రిపోర్టులు ఇంత పాత నంబర్లకి సాధారణంగా పనిచేయవు. ఆ నంబర్‌ని మీరే చదువుకోవచ్చు: మొదటి 5 అంటే 1965, తర్వాతి వై అంటే మిషిగన్‌లోని విక్సమ్ ఫ్యాక్టరీ, ఆ తర్వాత 86 ఉంటే కన్వర్టిబుల్, 82 ఉంటే సెడాన్. మైలేజీ మాటకొస్తే ఓడోమీటర్‌లో ఐదంకెలే, లక్ష దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఇంత పాత బండికి మైలేజీ రాసివ్వాలన్న ఫెడరల్ రూల్ కూడా వర్తించదు. బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి లోపలి ఇనుము కనిపిస్తుంటే 49 వేలు ఎలా నమ్ముతాం?

అసలు సంగతి టైటిల్‌లో, అంటే బండి ఓనర్ ఎవరో చూపించే కాగితంలో బయటపడింది. అది ఒహాయోది. అక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఫ్లోరు అలా ఎందుకు కుళ్లిందో అప్పుడు అర్థమైంది. ఓనర్‌గా ఉన్న పేరు ఇతనిదీ కాదు, తన తండ్రిదని చెప్పిన పేరూ కాదు. అమ్మినవాళ్ల సంతకం ఉంది, కొన్నవాళ్ల పేరు ఖాళీ, ఒహాయో టైటిల్‌కి తప్పనిసరిగా ఉండాల్సిన నోటరీ ముద్ర లేదు. ఇలాంటి టైటిల్ పట్టుకుని టెక్సాస్‌లో రిజిస్ట్రేషన్‌కి వెళ్తే కౌంటర్ దగ్గరే తిప్పి పంపేస్తారు. పైగా వెనక షెడ్డులో అమ్మకానికి ఇంకా కొన్ని పాత కార్లు కనిపించాయి. లైసెన్స్ లేకుండా ఏడాదికి నాలుగు కంటే ఎక్కువ బండ్లు అమ్మడానికి టెక్సాస్‌లో వీల్లేదు, అందుకే ఇలాంటివాళ్లు "మా ఇంటి కారు" అని చెప్పుకుంటారు.

అడ్వాన్స్ వెయ్యి డాలర్లు మొదట జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపమన్నాడు. బావ ఒప్పుకోకుండా క్రెడిట్ కార్డ్‌తోనే కట్టాడు, ఇన్‌స్పెక్షన్‌లో నచ్చకపోతే వాపసు ఇస్తానని మెసేజ్‌లో రాయించుకున్నాడు. కారు వద్దనగానే అడ్వాన్స్ తిరిగివ్వనన్నాడు, ఫ్లోరిడా నుంచి ఇంకొకరు ట్రక్కు పంపిస్తున్నారు, మిగతాది ఇవాళే వైర్ చేస్తే (బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపితే) మీకే ఇస్తా అని టెన్షన్ పెట్టాడు. ఆ మెసేజ్‌లు, లిఫ్ట్ మీద తీసిన ఫొటోలు పెట్టి బ్యాంకులో డిస్ప్యూట్ (ఆ కార్డ్ చార్జీ మీద అభ్యంతరం) వేస్తే డబ్బు వెనక్కి వచ్చింది. జెల్‌లోనో వైర్‌లోనో పంపి ఉంటే అంతే సంగతులు. బిల్లింగ్ డిస్ప్యూట్‌కి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా కార్డ్ కంపెనీకి తెలియజేయాలి, ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుని ఉంటే ఈ గడువు దాటనివ్వకండి.

అదే బండి మళ్లీ అమ్మకానికి పెట్టాడు. ఈసారి ఊరు హ్యూస్టన్ అని రాశాడు, ధర కాస్త తగ్గించాడు, ఫొటోలన్నీ పక్క నుంచి, పై నుంచి తీసినవే. మీకు కనిపిస్తే ముందు టైటిల్ రెండు వైపులా ఫొటో అడగండి, తర్వాత కార్పెట్ ఎత్తి ఫ్లోరు ఫొటో అడగండి. డల్లాస్ ఏరియాలో ఎవరైనా వేరే లింకన్ చూస్తుంటే మెసేజ్ పెట్టండి, వీలైతే ఆ మెకానిక్‌ని తీసుకుని నేనే మీతో వస్తాను.